బేస్‌మెంట్ విండో వెల్‌కు ఇంట్లోనే ఇనుప మూత చేయాలనుకునే వారికి

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. ఒహైయోలోని కొలంబస్ దగ్గర ఇల్లు కొన్నారు. బేస్‌మెంట్ కిటికీల బయట మూడు విండో వెల్స్, అంటే కిటికీ ముందు నేలలో తవ్విన గుంతలు, ఉన్నాయి. పెద్దది గెస్ట్ బెడ్‌రూమ్ కిటికీది: 40 అంగుళాల వెడల్పు, గోడ నుంచి 38 అంగుళాలు ముందుకు, 50 అంగుళాల లోతు. మిగతా రెండూ స్టోర్ రూమ్, ఫర్నేస్ ఉన్న గది వైపు చిన్నవి. ప్లాస్టిక్ మూతలు ఎండకీ చలికీ పెళుసెక్కి పగిలిపోయాయి. ఇంట్లో మూడేళ్ళ బాబు. వేసవిలో అమ్మానాన్నలు వస్తున్నారు. 120 వోల్టుల ఫ్లక్స్ కోర్ వెల్డింగ్ మెషీన్ (గ్యాస్ సిలిండర్ అక్కర్లేని రకం) కొన్నారు. ఒకటే పెద్ద గ్రిల్ చేసి, దొంగలు రాకుండా తాళం కప్ప వేద్దామనుకుంటున్నారు. గొట్టం ఎంత మందం ఉండాలి, మీ మెషీన్‌తో వెల్డింగ్ గట్టిగా పట్టుకుంటుందా అన్నవి మీ ప్రశ్నలు.

రెండింటికీ జవాబు చెప్తాను. అంతకంటే ముందు తాళం కప్ప సంగతి. దయచేసి ఆ ఆలోచన మానుకోండి.

ఆ కిటికీ గాలి కోసమే పెట్టింది కాదు. పైన వంటింట్లో మంటలు లేచి మెట్ల దారి పొగతో నిండిపోతే, బేస్‌మెంట్‌లో పడుకున్నవాళ్ళు బయటపడే దారి అదొక్కటే. మీ అమ్మానాన్నలు పడుకోబోయేది ఆ గదిలోనే కదా. ఒహైయో ఇళ్ళ నిబంధనలకు ఆధారమైన ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ఇలాంటి కిటికీల మీద గ్రిల్లూ మూతా పెట్టుకోవద్దని అనదు. కానీ లోపలి మనిషి తాళంచెవి, పనిముట్టు, ప్రత్యేకమైన తెలివిడి ఏవీ అక్కర్లేకుండా, కిటికీ తెరవడానికి పట్టే బలంతోనే దాన్ని తీయగలగాలి అంటుంది. గుంత కనీసం 36 అంగుళాల వెడల్పు, గోడ నుంచి 36 అంగుళాల దూరం, మొత్తం 9 చదరపు అడుగుల జాగా ఉండాలి. లోతు 44 అంగుళాలు దాటితే కదలని నిచ్చెనో మెట్లో ఉండాలి. మీది 50 అంగుళాలు. నిచ్చెన ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే మూత కంటే ముందు నిచ్చెన పని చూడండి. దాని మెట్టు 12 అంగుళాలకు తగ్గని వెడల్పుతో, గోడకు కనీసం 3 అంగుళాలు ఎడంగా, మెట్టుకూ మెట్టుకూ మధ్య 18 అంగుళాలకు మించకుండా ఉండాలి.

అందుకే దీన్ని మూత అనుకోకండి, తలుపు అనుకుని కట్టండి. పైనుంచి ఎవరూ పడకూడదు, కిందినుంచి ఎవరైనా తెరవగలగాలి. మొదటిది అందరికీ తడుతుంది. రెండోది తట్టదు. నాకూ తట్టలేదు.

మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపు ఉండేది. పదిహేనేళ్ళకే వెల్డింగ్ హోల్డర్ పట్టాను. ఇక్కడికి వచ్చాక కూడా ఇరవై ఏళ్ళుగా ఫ్యాబ్రికేషన్ పనే. మా ఇంటికి మొదటిసారి మూత చేసినప్పుడు ఏనుగెక్కినా వంగకూడదన్నంత గట్టిగా చేశాను. ఒకే ముక్క, 55 పౌండ్లు, అంటే 25 కిలోలు. ఆ ఏడాది అమ్మ వచ్చింది, అదే గదిలో పడుకుంది. ఒకరోజు ఎందుకో అనుమానం వచ్చి, "అమ్మా, నిచ్చెనెక్కి ఒకసారి పైకి నెట్టు" అన్నాను. రెండో మెట్టు మీద నిలబడి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో అరచెయ్యి ఇనుముకి ఆనించి నెట్టింది. కదల్లేదు. కుచ్చిళ్ళు వదిలేసి రెండు చేతులూ పెట్టింది. ఒక అంచు అంగుళం లేచి ఠంగుమని మళ్ళీ పడింది. "నా వల్ల కాదురా" అని దిగిపోయింది. అప్పటికి ఆరు వారాలుగా ఆ గదిలో పడుకుంటోంది. ఆ రాత్రి ఆవిడని పై గదిలోకి మార్చి, మర్నాడు ఆ మూతని కోసేశాను.

ఆ తర్వాత రెండు రెక్కలుగా చేశాను. ఇప్పటికీ అదే ఉంది. మీకూ అదే చెప్తాను.

గుంత చుట్టూ కదలకుండా ఉండే ఫ్రేము ఒకటి. దాని మీద రెండు రెక్కలు, పెట్టె తలుపుల్లా నడిమధ్య కలుస్తాయి. మడతబందులు ఎడమ రెక్కకి ఎడమ అంచున, కుడి రెక్కకి కుడి అంచున. తెరిస్తే చెరో పక్కకీ పూర్తిగా తిరిగి గడ్డి మీద వాలిపోతాయి. మడతబందు గోడ వైపు పెడితే రెక్క సైడింగ్‌కి (ఇంటి గోడ బయటి తొడుగుకి) తగిలి నిట్టనిలువుగా ఆగుతుంది. గాలి కొడితే ఎక్కేవాళ్ళ నెత్తిన పడుతుంది. పక్కలకి వాలేదానితో ఆ భయం లేదు. ఒక చిన్న కిటుకు: రెక్క పూర్తిగా వెనక్కి తిరగాలంటే మడతబందు చీల రెక్క పైమట్టం కంటే కాస్త ఎత్తులో ఉండాలి. కింద ఉంటే సగంలోనే ఇరుక్కుంటుంది.

రెండు రెక్కల మధ్య పావు అంగుళం సందు మిగులుతుంది. అందంగా లేదని దాని మీద పట్టీ వేయాలనిపిస్తుంది. వేయకండి. పట్టీ ఒక రెక్కకే కదా అతుకుతుంది, అప్పుడు ముందు ఆ రెక్క, తర్వాతే ఇంకోటి అనే వరస వచ్చేస్తుంది. పొగలో, చీకట్లో ఆ వరస ఎవరికి గుర్తుంటుంది? ఏ రెక్క ముందు నెట్టినా తెరుచుకోవాలి.

ఇప్పుడు గొట్టం మందం. రెక్కలకి అంగుళం చదరం గొట్టం తీసుకోండి, గోడ మందం 11 గేజ్, అంటే సుమారు అంగుళంలో ఎనిమిదో వంతు. 16 గేజ్ ఇంకా సన్నం: చవక, తేలిక, కోయడం సులువు. కానీ లెక్క చూడండి. మధ్యలో కలిసే అంచు గొట్టం గోడ నుంచి ముందు ఫ్రేము దాకా 38 అంగుళాలు ఆధారం లేకుండా ఉంటుంది. దాని నడిమధ్య 300 పౌండ్ల బరువు పడిందనుకుందాం. ఇళ్ళలో మెట్టుకి కోడ్ అడిగే బరువు అదే కాబట్టి ఆ అంకె తీసుకున్నాను. 11 గేజ్ గొట్టంలో ఒత్తిడి చదరపు అంగుళానికి దాదాపు 26 వేల పౌండ్లు వస్తుంది, కిందికి పావు అంగుళం లోపే వంగుతుంది. 16 గేజ్‌లో అదే ఒత్తిడి 40 వేలకు చేరుతుంది. మామూలు స్ట్రక్చరల్ గొట్టం 46 వేల దగ్గర శాశ్వతంగా వంగిపోతుంది. అంటే సన్నగొట్టంలో మిగులు దాదాపు లేదు. పుట్టినరోజు పార్టీలో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఎక్కి గెంతితే ఈ లెక్క ఇంకా మారిపోతుంది. చుట్టూ గొట్టం, అడ్డంగా ఇంకో రెండు ముక్కలు, పైన చదును చేసిన ముప్పావు అంగుళం 13 నంబరు ఎక్స్‌పాండెడ్ మెటల్ జాలీ (రేకుని గాట్లు పెట్టి సాగదీసినది) వేస్తే ఒక్కో రెక్క 22, 23 పౌండ్లు తూగుతుంది. మడతబందు మీద తిరుగుతుంది కాబట్టి అంచు పట్టి లేపడానికి అందులో సగమే, అంటే 5 కిలోల పైచిలుకు బలం చాలు. పెద్దవాళ్ళు ఒక చేత్తో లేపగలరు. పైనుంచి మూడేళ్ళ పిల్లాడికి మాత్రం ఆ అంచు అంత సులువుగా పట్టు దొరకదు, ఎందుకంటే రెక్క ఫ్రేములో సమంగా కూర్చుంటుంది.

చువ్వల గ్రిల్ కూడా చేసుకోవచ్చు, చూడ్డానికి బాగుంటుంది. కానీ చువ్వల మధ్య పసివాడి పాదం దూరకూడదంటే సందు అంగుళం లోపు ఉండాలి. అన్ని చువ్వలు వేస్తే బరువు మళ్ళీ మొదటికే వస్తుంది. జాలీయే మేలు. వెలుతురు వస్తుంది, ఉడతలూ పక్షులూ పడవు.

ఫ్రేముకి ఒకటిన్నర అంగుళం యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుము), అంగుళంలో ఎనిమిదో వంతు మందం. మీ గుంత గోడ ముడతల జింకు రేకు అయితే దాని అంచు మీద బరువంతా మోపకండి, అది మట్టిని ఆపడానికి పెట్టినది. ఇంటి వైపు యాంగిల్‌ని కాంక్రీటు గోడకి యాంకర్ బోల్టులతో బిగించండి. మిగతా మూడు వైపులా ఫ్రేముని గుంత కంటే మూడు, నాలుగు అంగుళాలు వెడల్పు చేసి, గట్టిగా దిమ్మిస వేసిన కంకర మీదో సిమెంటు పలకల మీదో కూర్చోబెట్టండి. కొలతలు తీసుకునేటప్పుడు టేపుని నమ్మకండి. ఈ గుంతలు మూలమట్టానికి ఉండవు, ఇంటి గోడకి ఏదో ఒక పక్క వంకర ఉంటుంది. పెద్ద అట్టపెట్టె విప్పి గుంత మీద పరిచి, అంచు వెంబడి గీసి, కోసి, ఆ అట్టని గ్యారేజీకి తెచ్చుకుని దాని మీద ఇనుము పేర్చుకోండి.

వెల్డింగ్ గ్యారేజీలో చేయండి, తలుపు పూర్తిగా పైకెత్తి. గుంతలో దిగి ఉన్నచోటే అతికేద్దామనుకోవద్దు. సైడింగ్ వినైల్ అనే ప్లాస్టిక్, కిటికీ ఫ్రేమూ అదే, గుంత అడుగున ఎండాకులు. వినైల్ మంట అంటుకోకముందే వేడికి మెత్తబడి వంకరపోతుంది. ఎండాకుల్లో పడ్డ నిప్పురవ్వ వెంటనే కనిపించదు, మీరు భోజనానికి వెళ్ళాక రాజుకుంటుంది. బేస్‌మెంట్‌లో అసలే వద్దు, అక్కడ గ్యాస్ వాటర్ హీటరూ ఫర్నేసూ ఉంటాయి. వెల్డింగ్ చోటు చుట్టూ 35 అడుగుల దాకా మండే వస్తువు ఉండకూడదనేది ఈ పనిలో పాటించే నియమం. ఇంటి గ్యారేజీలో అంత జాగా ఉండదు. కాబట్టి లాన్‌మూవర్, పెట్రోలు డబ్బా, అట్టపెట్టెలు, పెయింటు డబ్బాలు అన్నీ బయటికి తీసేయండి. తీయలేనివాటి మీద వెల్డింగ్ దుప్పటి కప్పండి. ఏబీసీ రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే చోట పెట్టుకోండి. పని అయ్యాక గంటసేపు అక్కడే ఉండండి. చిమ్మిన స్పాటర్ (చల్లారిన ఇనుప బొట్లు) ఊడ్చుకుంటూ, మిగతా గొట్టాల మీద కొలతలు గీసుకుంటూ ఉంటే ఆ గంట ఇట్టే గడిచిపోతుంది.

ఒంటి మీద నూలు బట్టలే ఉండాలి. జిమ్‌కి వేసుకునే పాలిస్టర్ టీషర్టు మీద రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఆటో డార్కెనింగ్ హెల్మెట్ షేడ్ 10లో పెట్టండి, తోలు గ్లౌజులు, కాలికి తోలు బూట్లు. బాబుని ఆ చుట్టుపక్కలకి రానివ్వద్దు. పిల్లలు ఆ వెలుగుని రెప్ప వేయకుండా చూస్తారు. అప్పుడేం తెలీదు, రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. నేను షాపులో మొదటి నెలలో పడ్డ బాధ అది, రాత్రంతా తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుని కూర్చున్నాను.

రెండు విషాల గురించి తప్పక చెప్పాలి. జింకు పూత ఉన్న గొట్టం తుప్పు పట్టదని చాలామంది అదే కొంటారు. దాన్ని వెల్డ్ చేస్తే తెల్లటి పొగ వస్తుంది, అది జింక్ ఆక్సైడ్. పీల్చిన కొన్ని గంటలకి చలిజ్వరం, ఒళ్ళునొప్పులు, నోట్లో ఇనుము రుచి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది గానీ ఆ రాత్రి నరకం. పాలు తాగితే ఏమీ కాదని మన షాపుల్లో అంటారు, అది నిజం కాదు. పొగ వెళ్ళేది ఊపిరితిత్తుల్లోకి, పాలు వెళ్ళేది కడుపులోకి. పూత లేని నల్ల ఇనుమే కొనండి, తుప్పు సంగతి తర్వాత చూద్దాం. ఇక రెండోది ఇంకా ప్రమాదం. ఇనుము మీది జిడ్డు తీయడానికి బ్రేక్ క్లీనర్ వాడకండి. క్లోరిన్ ఉన్న రకం అయితే ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) వేడికీ వెలుగుకీ ఫాస్జీన్ అనే ప్రాణాంతకమైన వాయువు తయారవుతుంది. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, ఆ గుడ్డనీ డబ్బానీ బయట పెట్టాకే ఆర్క్ కొట్టండి.

మీ మెషీన్ సరిపోతుంది. ఎనిమిదో వంతు ఇనుముకి 120 వోల్టులు చాలు, 20 ఆంపుల లైను మీద వేయండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ కార్డు వాడితే కరెంటు పడిపోయి అతుకు పైపైన కూర్చుంటుంది, 12 గేజ్ కార్డు తీసుకోండి. ఈ71టీ-11 రకం తీగ, 0.030 అంగుళాలది. పోలారిటీ చూసుకోండి. గ్యాస్ లేని ఫ్లక్స్ కోర్ తీగకి గన్ నెగటివ్ మీద, ఎర్త్ క్లాంపు పాజిటివ్ మీద ఉండాలి. తిరగేసి ఉంటే విపరీతంగా స్పాటర్ చిమ్ముతుంది, బీడ్ (అతుకు గీత) ఉబ్బుతుంది, కొత్తవాళ్ళు తమ చెయ్యే బాగోలేదనుకుంటారు.

అసలు పని ముట్టుకోకముందు రెండు గొట్టం ముక్కలు టీ ఆకారంలో ఒక్క వైపే వెల్డ్ చేయండి. చల్లారాక వైస్‌లో బిగించి సుత్తితో అతుకు తెరుచుకునే దిక్కుగా కొట్టండి. చూసేది ఒక్కటే: ఏది ముందు ఓడిపోయింది? గొట్టం సొట్టపోయి వంగి, అతుకు అలాగే ఉంటే మీ సెట్టింగు సరైనది. అతుకు ఊడి వస్తే దాని అడుగు చూడండి. గొట్టం మీద ఇనుము చిరిగిన గరుకు కాకుండా నున్నటి గీత మిగిలితే, అది కరిగి కలవలేదు, కొవ్వొత్తి కారి అంటుకున్నట్టు పైన అంటుకుంది. కరెంటు పెంచండి, చెయ్యి కాస్త నెమ్మది చేయండి, మళ్ళీ కొట్టి చూడండి. పది ముక్కలు పాడైనా పర్వాలేదు. బయటికి నిగనిగలాడే బీడ్ కూడా ఇలా ఊడిపోవడం నేను చాలాసార్లు చూశాను, అందుకే ఇంతసేపు చెప్తున్నాను.

రెక్క కట్టేటప్పుడు నాలుగు మూలలూ ముందు టాక్ (చిన్న చుక్క అతుకు) పెట్టండి, అంతే. రెండు కర్ణాలూ కొలవండి. సమానంగా లేకపోతే పొడుగున్న కర్ణం మీద చిన్న దెబ్బ వేసి సరిచేయండి. తర్వాత ఒక మూల, దానికి ఎదురు మూల, ఇలా మార్చి మార్చి వెల్డ్ చేయండి. ఒకే చోట వేడి పోగైతే రెక్క అప్పడంలా మెలి తిరుగుతుంది, తిరిగిన రెక్క ఫ్రేములో బిగుసుకుంటుంది. జాలీ సన్నం, గొట్టం మందం కాబట్టి ఆర్క్‌ని గొట్టం మీదే ఉంచి, కరిగిన ఇనుము జాలీ కాడని తాకేలా చూడండి. నేరుగా జాలీ మీద పెడితే కాలి తెగిపోతుంది. జాలీ కోసిన అంచులు కత్తుల్లా ఉంటాయి. వాటిని గొట్టం లోపలి అంచుకే ఆపి, పైన అంగుళం ఫ్లాట్ పట్టీ వేసి మూసేయండి. అయ్యాక మీ అరచెయ్యి నెమ్మదిగా అంతటా రాసి చూడండి. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ ఆకురాయి వేయండి.

గొట్టంలోకి ఎలాగైనా తేమ చేరుతుంది, శీతాకాలంలో గడ్డకట్టి గొట్టాన్ని చీలుస్తుంది. రెక్క అడుగు వైపు ప్రతి గొట్టానికీ ఒక చిన్న రంధ్రం వేయండి. వేడి జింకులో ముంచి గాల్వనైజ్ చేయించాలనుకుంటే ఈ రంధ్రాలు ప్రాణాల మీది సంగతి. ఆ తొట్టి 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, మూసుకున్న గొట్టంలో తేమ పేలుతుంది. ముందే ఆ షాపువాళ్ళని అడిగి వాళ్ళు చెప్పిన చోట, చెప్పిన సైజులో వేయండి. ఖర్చయినా నేను అదే చేయించమంటాను. కుదరకపోతే గ్రైండర్‌కి ఫ్లాప్ డిస్కు (గరుకు కాగితం రేకుల చక్రం) వేసి నల్లటి పొర తీసి, అసిటోన్‌తో తుడిచి, జింకు ఎక్కువున్న ప్రైమర్ రెండు పూతలు, పైన రంగు రెండు పూతలు. బీడ్ మూలల్లో స్లాగ్ (ఫ్లక్స్ కాలాక మిగిలే గట్టి పొర) మిగిలితే తుప్పు అక్కడే మొదలవుతుంది. మేకు మొనతో గీకైనా తీయండి.

దొంగల భయానికి మీ కిటికీ గొళ్ళెమే సమాధానం. కావాలంటే కిటికీకి అలారం సెన్సర్ పెట్టించుకోండి. రెక్కలకి ఏ రకమైన తాళమూ వద్దు. గాలికి లేస్తుందన్న అనుమానం కూడా వద్దు, జాలీ గాలిని ఆపదు, రెక్క బరువుంది.

వాన నీళ్ళ కోసం పైన పాలీకార్బొనేట్ షీటు వేసుకోవచ్చు, పెయింటు పనంతా అయ్యాక, స్క్రూలతో. దానికి కూడా రెక్కతోపాటే రెండు ముక్కలు. కానీ షీటు వేశాక మంచు కిందికి రాలదు, పైనే పేరుకుంటుంది. తడి మంచు అడుగు మందం ఉంటే చదరపు అడుగుకి 20 పౌండ్ల దాకా తూగుతుంది. ఒక్కో రెక్క మీద 100 పౌండ్లు. అప్పుడు మీరు కూడా కిందినుంచి లేపలేరు. అందుకని గెస్ట్ రూమ్‌లో ఎవరైనా ఉన్నన్నాళ్ళూ మంచు పడిన రోజు డ్రైవ్‌వే కంటే ముందు ఈ మూత ఊడవండి. రెక్కలు వాలే చోట రెండు పక్కలా మొక్కలు నాటకండి. మే నెలలో కరివేపాకు కుండీలు బయట పెట్టే టైముకి, ఎండ బాగా తగులుతుందని మనవాళ్ళ చూపు సరిగ్గా ఈ మూత మీదే పడుతుంది. ఒక్క కుండీ ఉన్నా రెక్క లేవదు.

పని మొదలుపెట్టేముందు మీ ఊరి బిల్డింగ్ డిపార్ట్‌మెంటుకి ఫోన్ చేసి బెడ్‌రూమ్ కిటికీ మూతకి వాళ్ళ నియమం ఏమిటో అడగండి, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే వాళ్ళనీ. మూడింటిలో స్టోర్ రూమ్ వైపు చిన్నదాన్ని ముందు చేయండి, చెయ్యి దాని మీద తిరుగుతుంది. బెడ్‌రూమ్‌ది చివరికి ఉంచండి. ఈలోపు ఆ గుంత మీద ఏదో ఒక ప్లైవుడ్ పడేసి ఊరుకోకండి, బాబు దాని మీద ఎక్కుతాడు. చుట్టూ తాత్కాలికంగా కంచె కట్టండి.

అమ్మానాన్నలు వచ్చిన మొదటి రోజే, జెట్‌లాగ్ తీరకపోయినా సరే, ఇద్దరినీ విడివిడిగా గదిలోకి తీసుకెళ్ళి లైటు ఆర్పేయండి. కిటికీ తెరవడం, నిచ్చెన ఎక్కడం, రెక్క నెట్టడం, బయటికి రావడం మీ సాయం లేకుండా వాళ్ళే చేయాలి. మోకాళ్ళ నొప్పులతో నిచ్చెన ఎక్కలేమంటే ఆ గది వాళ్ళకి ఇవ్వకండి, పైన హాల్లో పరుపు వేయండి. ఇద్దరూ ఎక్కగలిగితే, చలికాలంలో మడతబందులు బిగుసుకున్నాక ఇంకోసారి చేయించండి. మడతబందులకి గ్రీజు పెట్టడం అక్టోబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి.